ఆంధ్రా భవన్ క్యాంటీన్ రివ్యూ: భోజనానికి టోకెన్ కొనాలి, 1996 కథ మాత్రం ఫ్రీ

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్ద రివ్యూ, ఢిల్లీలో మన రాష్ట్ర ప్రభుత్వ అతిథి గృహం ఆంధ్రా భవన్ లో ఉన్న క్యాంటీన్ ది. భోజనం ఎలా ఉందో ఒక్క ముక్కలో కావాలనుకునేవాళ్ళకి: బావుంది, వెళ్ళండి, కందిపొడిలో నెయ్యి కలుపుకోకుండా లేవకండి. ఇంక మీరు వెళ్ళిపోవచ్చు. మిగతాది ఓపికున్నవాళ్ళకి, ఎందుకంటే నేను వెళ్ళింది 2024 జూన్ 8 శనివారం, అంటే ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాని లోక్ సభ ఎలక్షన్ రిజల్ట్స్ వచ్చిన నాలుగో రోజు, పైగా వెళ్ళింది మా బాబాయ్ తో.

నేను నోయిడాలో ఉద్యోగం చేస్తున్నా, మూడేళ్ళయింది. మా ఆఫీసు వెనక సందులో ఆంధ్రా మీల్స్ అని ఎర్రక్షరాలతో బోర్డు పెట్టిన హోటల్ ఒకటుంది, పేరు చెప్పను, అక్కడ రసం అడిగితే సాంబార్లో నీళ్ళు పోసి ఇస్తారు, పప్పు తియ్యగా ఉంటుంది, గోంగూర అడిగితే పాలకూర పచ్చడి తెచ్చి ఇదే గోంగూర అని ఒట్టేసి చెప్తారు. మూడేళ్ళు అదే తిన్నా. ఆ సంగతి ఫోన్లో చెప్పుకుని ఏడిస్తే బాబాయ్ కి కోపం వచ్చింది, ఢిల్లీలో ఉండి ఆంధ్రా భవన్ కి వెళ్ళకపోవడం ఏంటే, శనివారం రా అన్నాడు.

బాబాయ్ 1988 లో టెక్కలి నుంచి ఢిల్లీ వచ్చాడు, సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసులో స్టెనోగా చేరి అక్కడే రిటైరయ్యాడు, ఇప్పుడు ద్వారకాలో ఫ్లాట్. ఆయనకి ఈ క్యాంటీన్ అంటే అత్తారిల్లు లెక్క, కాకపోతే అత్తారింటి కంటే ఎక్కువసార్లు వెళ్ళాడని మా పిన్ని అంటుంది.

ఎలా వెళ్ళాలంటే, ఇండియా గేట్ దగ్గర అశోకా రోడ్ లో ఉంటుంది, మెట్రోలో వచ్చేవాళ్ళు మండీ హౌస్ లో దిగడం బెటర్, చలికాలం అయితే నడిచేయొచ్చు, జూన్ లో మాత్రం ఆటో ఎక్కండి, నేను హీరోయిన్ లాగా నడిచి వెళ్ళి గేటు దగ్గరికి వచ్చేసరికి అప్పడంలా అయిపోయా. లోపలికి వెళ్ళగానే మొదటి పని కౌంటర్ దగ్గర డబ్బులు కట్టి టోకెన్ తీసుకోవడం. కూర్చుని మెనూ చూసి ఆర్డర్ ఇచ్చి తిన్నాక బిల్లు కట్టే వ్యవహారం కాదు. ముందు టోకెన్, తర్వాత కుర్చీ. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, మా బాబాయ్ దీని మీద పావుగంట మాట్లాడాడు.

కుర్చీ దొరకడం కూడా ఒక కళ. ఇక్కడ ఫ్యామిలీకి వేరే టేబుల్, జంటలకి వేరే మూల అలాంటివేం ఆశించకండి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, మీ పక్కన సెక్రటేరియట్ ఆఫీసర్ ఉండొచ్చు, యూపీఎస్సీ కోచింగ్ కుర్రాడు ఉండొచ్చు, పంజాబీ కుటుంబం మొత్తం ఉండొచ్చు. మాకు ఎదురుగా ఇద్దరు గుంటూరు వైపు వాళ్ళు కూర్చున్నారు, మాట వింటేనే తెలిసిపోయింది.

కూర్చున్న నిమిషంలో స్టీలు పళ్ళెం వచ్చేసింది. పూరీ, కూర, వేపుడు, పప్పు, సాంబారు, రసం, పచ్చడి, పెరుగు, స్వీటు, అప్పడం, టేబుల్ మీద పొడి, ఆ తర్వాత అన్నం బకెట్ తో మనిషి వస్తాడు, పోతాడు, మళ్ళీ వస్తాడు. చాలు అని చెయ్యి అడ్డం పెట్టేదాకా వేస్తూనే ఉంటారు. పప్పు మన ఇంటి పప్పు, అంటే పోపులో ఎండుమిర్చి వేగి నల్లబడిన వాసన తెలుస్తుంది, అది ఉత్తరాదిలో దొరకదు, జీలకర్ర వాసనే ఉంటుంది ఇక్కడంతా. నేను మొదటి ముద్ద పొడీ నెయ్యీ తిన్నాక నిజంగా కళ్ళలో నీళ్ళొచ్చాయి, సగం కారానికి, సగం ఎందుకో నేను చెప్పనక్కర్లేదు.

అప్పుడు మొదలెట్టాడు బాబాయ్.

"ఇదే కాంపౌండ్ లోనే అమ్మా, 96 లో గవర్నమెంట్ తయారైంది."

నేను అప్పటికి పుట్టలేదు, కాబట్టి ఆపకుండా విన్నా, పైగా నోట్లో ముద్ద ఉంది.

1996 మే లో లెక్కలు ఇలా వచ్చాయట: బీజేపీకి 161, కాంగ్రెస్ కి 140, జనతాదళ్ కి 46, సీపీఎం కి 32, మూపనార్ గారి తమిళ మానిల కాంగ్రెస్ కి 20, డీఎంకే కి 17, మన టీడీపీకి 16, ఇంకా చిల్లర పార్టీలు బోలెడు. కావాల్సింది 272. ఎవరికీ దరిదాపుల్లో లేదు. అందరికంటే పెద్ద పార్టీ కదా అని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ వాజ్‌పేయిని పిలిచారు, మే 16 న ప్రమాణం చేయించారు, శివసేన, అకాలీలు, సమతా పార్టీ అందరూ కలిసినా 200 దాటలేదు, ఇంకొక్కరు రాలేదు, సభలో చర్చ జరిగింది, ఓటింగ్ దాకా వెళ్ళకుండానే మే 28 న రాజీనామా చేసేశారు. 13 రోజులు. బాబాయ్ ఆ చర్చని ఆఫీసులో టీవీ చుట్టూ అందరూ మూగి చూశామని చెప్పాడు, ఆ రెండు రోజులు ఒక్క లెటర్ కూడా టైప్ చెయ్యలేదట, గర్వంగా చెప్పాడు ఆ మాట.

"చూశావా, ఆయనకి ముందు కుర్చీ ఇచ్చారు, టోకెన్ తర్వాత తెచ్చుకోమన్నారు. తెచ్చుకోలేకపోయాడు. 98 లో నారాయణన్ గారు రాష్ట్రపతి, ఆయన అలా కాదు, మద్దతు లేఖలు చూపించు, అప్పుడు పిలుస్తా అన్నాడు. జయలలిత లేఖ పంపకుండా ఎన్ని రోజులు ఊరించిందో తెలుసా? కౌంటర్ దగ్గర నిలబెట్టేసింది పాపం వాజ్‌పేయిని."

ఇక్కడ ఒక చిన్న మాట. ఈ శంకర్ దయాళ్ శర్మ గారు మనకి కొత్త కాదు. 1984 ఆగస్టు లో ఎన్టీఆర్ ని దించేసి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిగా కూర్చోబెట్టిన గవర్నర్ రామ్ లాల్ ని తీసేశాక, గవర్నర్ గా వచ్చింది ఈయనే, సెప్టెంబర్ 16 న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యింది ఈయన చేతుల మీదే. అంటే బలం ఎవరికుందో గవర్నర్ గదిలో తేలితే ఏమవుతుందో ఆయన కళ్ళారా చూసిన మనిషి. అందుకే 96 లో తేల్చేదేదో సభలోనే తేలనీ అనుకుని ఉంటారని బాబాయ్ థియరీ. నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు గానీ, 94 లో బొమ్మై కేసు తీర్పులో సుప్రీం కోర్టు కూడా ఆ మాటే చెప్పింది కదా, బలం తేలాల్సింది సభలోనే అని, కాబట్టి ఆయనకి వేరే దారి కూడా పెద్దగా లేదేమో.

అన్నం రెండోసారి. సాంబారు. ములక్కాడ ముక్కలు పడ్డాయి నాకు, బాబాయ్ కి పడలేదు, ఆ ముక్కలు నా పళ్ళెంలోంచి తీసుకున్నాడు.

ఇప్పుడు అసలు కథ. బీజేపీ కాదు, కాంగ్రెస్ కాదు, మిగిలినవాళ్ళంతా కలిసి యునైటెడ్ ఫ్రంట్ అని పెట్టారు, పదమూడు పార్టీలు, దానికి కన్వీనర్ చంద్రబాబు, అప్పటికి ముఖ్యమంత్రి అయ్యి ఏడాది కూడా కాలేదు, 95 సెప్టెంబర్ లో అయ్యాడు, ఎన్టీఆర్ చనిపోయి నాలుగు నెలలు. ఢిల్లీలో చక్రం తిప్పడం అనే మాట మన పేపర్లలో అరిగిపోయింది గానీ, ఆ చక్రం ఎక్కడ తిరిగిందంటే ఈ భవన్ లోనే చాలా భాగం, ఎందుకంటే కన్వీనర్ గారు దిగేది ఇక్కడ కాబట్టి. గదుల్లో మీటింగులు, బయట విలేకరులు, కార్లు. బాబాయ్ సాయంత్రం ఆఫీసు అవ్వగానే నేరుగా ఇక్కడికి వచ్చేవాడట, రాజకీయం కోసమా భోజనం కోసమా అని అడిగితే రెండూ అన్నాడు.

నంబర్లు ఒక సమస్య, ప్రధాని ఎవరు అనేది ఇంకా పెద్ద సమస్య. ముందు వీపీ సింగ్ ని అడిగారు, ఆయన ఒప్పుకోలేదు, ఇంటికి వస్తున్నారని తెలిసి కారెక్కి ఢిల్లీ రోడ్ల మీద తిరుగుతూ ఉండిపోయారని చెప్పుకుంటారు. తర్వాత జ్యోతిబసు, ఆయనకి ఓకే, వాళ్ళ పార్టీ సెంట్రల్ కమిటీ వద్దంది. తర్వాత రోజుల్లో ఆయనే దాన్ని చారిత్రక తప్పిదం అన్నారు. అప్పుడు తేలింది దేవెగౌడ పేరు, కర్ణాటక ముఖ్యమంత్రి, లోక్ సభకి పోటీ కూడా చెయ్యలేదు, ఆయన రాష్ట్రంలో జనతాదళ్ కి వచ్చినవి కూడా 16 సీట్లే. కాంగ్రెస్ బయటి నుంచి మద్దతు, అంటే మంత్రి పదవులు తీసుకోకుండా, జూన్ 1 న ప్రమాణం.

"బాబాయ్, అంటే అందరూ కావాలనుకున్నవాడు కాకుండా, ఎవరికీ అభ్యంతరం లేనివాడు అయ్యాడు అంతే కదా" అన్నా.

"అంతేనే. పెళ్ళిళ్ళల్లో కూడా అంతే" అన్నాడు.

ఈ టైం లో మటన్ ఫ్రై వచ్చింది. ఇది భోజనంలో కలిసి రాదు, విడిగా టోకెన్ తీసుకోవాలి, తీసుకోండి. మిరియం ఘాటు, ముక్క మెత్తగా ఉంది, కరివేపాకు వేగి కరకరలాడుతోంది, నోయిడా సందులో వాడికి ఈ ప్లేటు చూపించి ఇదిగో ఇదీ అని చెప్పాలనిపించింది. చేపల వేపుడు కూడా ఉంటుంది, నేను తినలేదు కాబట్టి చెప్పను. రేట్లు కూడా ఇక్కడ రాయట్లేదు, మారుతూ ఉంటాయి, కానీ ఢిల్లీలో ఇంత తిండికి ఇంతకంటే తక్కువ నేనైతే ఎక్కడా ఇవ్వలేదు.

ఆ ఎదురుగా కూర్చున్న గుంటూరు అన్నలు చాలా సేపట్నుంచి మా మాటలు వింటున్నారని అప్పుడు అర్థమైంది. అందులో ఒకాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "అయితే మాస్టారూ, పదమూడు పార్టీలు కలిసినా పద్దెనిమిది నెలల్లో రెండు ప్రభుత్వాలు పడిపోయినయ్ గదా, ఇప్పుడు మాత్రం నిలబడుద్దని గ్యారంటీ ఏంది?" అన్నాడు.

బాబాయ్ మొహం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు.

ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తున్నా, ఆయన మాటల్లో రాస్తే మూడు రివ్యూలవుతుంది. సంకీర్ణం లోపల ఎన్ని పార్టీలున్నాయి అనేది కాదట చూడాల్సింది, బయటి నుంచి మద్దతిచ్చేవాడికి దేని మీద కన్నుందో చూడాలట. 1979 లో చరణ్ సింగ్ ని కాంగ్రెస్ నిలబెట్టింది, ఆయన పార్లమెంటు మొహం చూడకుండానే దిగిపోయాడు. 1989 లో వీపీ సింగ్ ని ఒక పక్క బీజేపీ, ఒక పక్క కమ్యూనిస్టులు బయటి నుంచి మోశారు, 90 లో అద్వానీ రథయాత్రని బీహార్లో ఆపి అరెస్ట్ చెయ్యగానే బీజేపీ చెయ్యి తీసేసింది. (ఆ నేషనల్ ఫ్రంట్ కి చైర్మన్ ఎన్టీఆరే, కానీ 89 లో మన రాష్ట్రంలో టీడీపీకి వచ్చినవి రెండే లోక్ సభ సీట్లు, అంటే పందిరి వేసింది మనం, పెళ్ళి ఇంకెవరిదో.) తర్వాత చంద్రశేఖర్, మళ్ళీ కాంగ్రెస్ మద్దతు, హర్యానా కానిస్టేబుళ్ళు రాజీవ్ ఇంటి దగ్గర నిఘా పెట్టారు అనే గొడవ మీద 91 మార్చిలో అయిపోయింది. తర్వాత దేవెగౌడ, తర్వాత గుజ్రాల్. అన్ని చోట్లా బయట నిలబడ్డవాడు అదే కుర్చీలో కూర్చోవాలనుకునేవాడే. నీ పళ్ళెం పట్టుకుని నీ వెనక నిలబడ్డవాడు నువ్వు ఎప్పుడు లేస్తావా అనే చూస్తాడు కదా. ఈ మాట చెప్పేటప్పుడు నిజంగానే మా వెనక ఒకాయన సీటు కోసం నిలబడి ఉన్నాడు, పాపం ఇబ్బందిగా పక్కకి జరిగాడు.

"మరి కుర్చీ మీద కన్ను లేకుండా వాళ్ళ ఊరి పని మీద కన్నున్నవాడు బయట నిలబడితే? నిలబడుతుంది. 99 నుంచి 2004 దాకా టీడీపీ 29 మందితో బయటి నుంచే ఇచ్చింది, మంత్రి పదవులు కూడా తీసుకోలేదు. పడిందా?"

పడలేదు, నిజమే. కానీ నేను ఊరుకుంటానా. 2004 లో లెఫ్ట్ వాళ్ళు కూడా యూపీఏ కి బయటి నుంచే ఇచ్చారు, వాళ్ళకి ప్రధాని కుర్చీ మీద కన్ను లేదు, అయినా 2008 లో అణు ఒప్పందం దగ్గర వదిలేశారు కదా అన్నా. బాబాయ్ ఒక్క క్షణం ఆగి, పెరుగు కలుపుకుంటూ, "వదిలేశారు, కానీ పడలేదు కదా, 275 కి 256, జులై 22" అన్నాడు. ఈ మనిషి పిన్ని పుట్టినరోజు మర్చిపోతాడు, విశ్వాస పరీక్షల స్కోర్లు మాత్రం నోటికి.

దేవెగౌడ సంగతిలో నాకు తెలియని ముక్క ఒకటి చెప్పాడు, ఇది నాకు బాగా నచ్చింది. 96 లో ఆయనకి మద్దతిస్తామని మాటిచ్చినప్పుడు కాంగ్రెస్ ప్రెసిడెంట్ పీవీ నరసింహారావు. అంటే లోపల అందర్నీ కూడగడుతున్నది ఒక తెలుగాయన, బయట తలుపు దగ్గర నిలబడి సరే అన్నది ఇంకో తెలుగాయన. కానీ సెప్టెంబర్ కల్లా పీవీ ఆ పదవి వదిలేశారు, సీతారాం కేసరి వచ్చారు, 97 మార్చి 30 న మద్దతు వెనక్కి తీసుకున్నది ఆయన. మాటిచ్చినవాడొకడు, నిలబెట్టుకోవాల్సినవాడు ఇంకొకడు. మద్దతు లేఖ మీద ఎవరి సంతకం ఉందో చూడ్డం కాదు, ఆ సంతకం పెట్టినాయన రేపు ఆ కుర్చీలో ఉంటాడా అని కూడా చూడాలి అని అప్పట్లో ఆఫీసులో అనుకున్నారట. ఏప్రిల్ 11 న దేవెగౌడ సభలో ఓడిపోయారు.

మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ ప్రధాని ఎవరు, మళ్ళీ ఇదే భవన్. మూపనార్ పేరు వచ్చింది, కుదరలేదు, ఆయన పార్టీ అలిగి మొదట్లో మంత్రివర్గంలో కూడా చేరలేదు. చివరికి గుజ్రాల్. ఆ రాత్రి ఆంధ్రా భవన్ లో మీటింగ్ సాగుతూ ఉంటే ఆయన ఇక్కడే ఒక గదిలో నిద్రపోయారని, టీడీపీ ఎంపీ ఒకాయన వెళ్ళి లేపి మీరే ప్రధాని అని చెప్పారని ఢిల్లీ తెలుగువాళ్ళు అందరూ చెప్తారు. బాబాయ్ అయితే ఏకంగా గది కిటికీ కూడా చూపించాడు, కానీ పిన్నికి ఒకసారి వేరే కిటికీ చూపించాడట, కాబట్టి కిటికీ సంగతి వదిలేయండి.

"బయటున్నవాడి వల్లే పడుతుందంటే, మరి అందరూ లోపల కూర్చున్నా కర్ణాటక ప్రభుత్వం ఎందుకు పడింది?" ఈసారి అడిగింది గుంటూరు అన్నల్లో రెండో ఆయన, బెంగళూరులో పనిచేస్తాడట. మంచి ప్రశ్న. 2018 లో బీజేపీకి 104, కాంగ్రెస్ కి 78, దేవెగౌడ పార్టీ జేడీఎస్ కి 37. మే 17 న యడ్యూరప్ప ప్రమాణం, గవర్నర్ బలం చూపించుకోడానికి పదిహేను రోజులిచ్చారు, సుప్రీం కోర్టు కాదు 19 నే అంది, ఆ రోజు ఓటింగ్ కి ముందే రాజీనామా. ఈ మధ్యలో కాంగ్రెస్ జేడీఎస్ ఎమ్మెల్యేలని రాత్రికి రాత్రి బస్సులెక్కించి ఎక్కడికి తెచ్చారు? హైదరాబాద్. నేను అప్పుడు ఇంజనీరింగ్ లో ఉన్నా, ఆ హోటల్ ముందు నుంచి సిటీ బస్సులో వెళ్తూ టీవీ వాళ్ళ ఓబీ వ్యాన్లు చూసి పెళ్ళేమో అనుకున్నా.

దానికి బాబాయ్ పగలబడి నవ్వి, అది బాకీ తీర్చుకోవడం అన్నాడు. 84 లో ఎన్టీఆర్ ఎమ్మెల్యేలని కాపాడుకోడానికి తీసుకెళ్ళి దాచింది కర్ణాటకలోనే, నంది హిల్స్ లో, అప్పుడు అక్కడ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం. ముప్పై నాలుగేళ్ళకి వాళ్ళు మన ఊరొచ్చారు. దేవెగౌడ గారబ్బాయి కుమారస్వామి 37 సీట్లతో ముఖ్యమంత్రి అయ్యాడు, పెద్ద పార్టీ అయిన కాంగ్రెస్ లోపలే కూర్చుంది, మంత్రి పదవుల్లో ఎక్కువ భాగం తీసుకుంది, అయినా పద్నాలుగు నెలలకి, 2019 జులై 23 న, 99 కి 105 తో పోయింది. పార్టీ మారితే సభ్యత్వం పోతుందని చట్టం ఉంది కదా, అందుకని మారలేదు, ఒక్కొక్కరూ రాజీనామా చేశారు, సభలో మొత్తం తగ్గితే మెజారిటీ మార్కు కూడా దిగుతుంది. బాబాయ్ థియరీకి ఇక్కడ చిల్లు పడింది, లోపలున్నా బయటున్నా ఒక్కొక్క మనిషిగా జారిపోయేవాళ్ళని ఏ లేఖా ఆపదు. ఆయన ఒప్పుకోలేదు, రాష్ట్రం లెక్క వేరు కేంద్రం లెక్క వేరు అని దాటేశాడు. నేను వదిలేశా, మటన్ బిల్లు ఆయనే కట్టాడు కాబట్టి.

99 సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాంట్లో మన కోనసీమ మనిషి ఉన్నాడు. 98 లో టీడీపీ యునైటెడ్ ఫ్రంట్ వదిలేసి వాజ్‌పేయికి బయటి నుంచి మద్దతిచ్చింది, స్పీకర్ గా బాలయోగి గారు అయ్యారు. ఏడాదికి జయలలిత చెయ్యి తీసేసింది, ఏప్రిల్ 17 న విశ్వాస పరీక్ష, 269 కి 270. ఒక్క ఓటు. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిపోయి ఇంకా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటెయ్యొచ్చా అంటే, స్పీకర్ స్థానంలో ఉన్న బాలయోగి ఆయన మనస్సాక్షికే వదిలేశారు. తన పార్టీ మద్దతిస్తున్న ప్రభుత్వం పోవచ్చని తెలిసి కూడా. ఇది చెప్పేటప్పుడు మాత్రం బాబాయ్ జోకులెయ్యలేదు, ఎదురున్నవాళ్ళు కూడా తినడం ఆపి విన్నారు.

రసం ఆఖర్న పోయించుకోండి, మధ్యలో కాదు. వేడిగా ఉంటుంది, గ్లాసులో పోయమన్నా పోస్తారు. పచ్చడి రెండోసారి అడగడానికి మొహమాటపడకండి. పెరుగన్నంలోకి ఆ పచ్చడే కావాలి.

ఇక 2024 కి వస్తే, మేము తింటున్న రోజుకి ఇంకా మంత్రులెవరో తెలీదు. బీజేపీ 240, మొత్తం ఎన్డీయే 293, అందులో టీడీపీ 16, నితీష్ గారి పార్టీ 12. 96 లో కూడా 16, ఇప్పుడూ 16. అప్పుడు ఆ 16 తో ఎవర్ని కుర్చీలో కూర్చోబెట్టాలో తేల్చే గదిలో కూర్చున్నారు, ఇప్పుడు కుర్చీలో ఎవరో ముందే తెలుసు, ఆ కుర్చీకి నాలుగు కాళ్ళలో ఒక కాలు మాత్రం ఇది. తేడా అదే అంటాడు బాబాయ్, పైగా ఈసారి 99 లోలాగా బయట నిలబడకుండా లోపలికెళ్ళారు, అమరావతికి డబ్బులు, పోలవరం, వీటి మీదే కన్ను, కాబట్టి నా లెక్క ప్రకారం నిలబడుద్ది అని గుంటూరు ఆయనకి గ్యారంటీ కార్డు రాసిచ్చినట్టు చెప్పాడు. ఆ గుంటూరు ఆయన, రైల్వే అడగాలి, వ్యవసాయం అడగాలి, స్పీకర్ పదవి వదులుకోకూడదు అని లిస్టు చదివాడు, బాబాయ్ మా శ్రీకాకుళం వాడికి ఏదైనా ఇస్తే చాలు అన్నాడు. మర్నాడు రామ్మోహన్ నాయుడు ప్రమాణం చేశాడు, తర్వాత విమానయాన శాఖ వచ్చింది. 96 ఫ్రంట్ ప్రభుత్వంలో వాళ్ళ నాన్న ఎర్రన్నాయుడు గారు గ్రామీణాభివృద్ధి మంత్రి. బాబాయ్ ఆ రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశాడు, హలో కూడా అనలేదు, "చెప్పానా" అన్నాడు.

అన్నట్టు ఈ భవనమే ఒక సంకీర్ణం. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల మధ్య 58:42 లెక్కన పంచుకోవడం మీద పదేళ్ళు ఉత్తరాలు నడిచాయి, ఏ బ్లాకు ఎవరిది, ఏ స్థలం ఎవరిది అని. క్యాంటీన్లో మాత్రం పప్పుకి అలాంటి లెక్కలు లేవు, వరంగల్ పిల్లలు ఒక టేబుల్ నిండా ఉన్నారు ఆ రోజు, పొడి డబ్బా మా దగ్గర్నుంచే తీసుకెళ్ళారు, తిరిగి ఇవ్వలేదు.

ఈ పళ్ళేనికీ సంకీర్ణానికీ పోలిక పెడతారని ఎదురు చూస్తున్నవాళ్ళకి సారీ, బాబాయ్ ఆ రోజే పెట్టేశాడు, సాంబారు కాంగ్రెస్, అప్పడం స్వతంత్రులు అంటూ, నేను వినలేదు, ఆ టైం లో స్వీటు తింటున్నా.

రేటింగ్ అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది క్యాంటీన్ వల్ల కాదు, మా బాబాయ్ వల్ల, మాటల్లో పడి నన్ను నాలుగోసారి అన్నం పెట్టించుకునేలా చేశాడు, మెట్రోలో కూర్చోలేక నిలబడి వచ్చా నోయిడా దాకా. వెళ్ళేవాళ్ళు ఒంటిగంట లోపు వెళ్ళండి, ఎండకి గొడుగు, టోకెన్ జాగ్రత్తగా పెట్టుకోండి.

ఆదివారం అయితే బిర్యానీ ఉంటుంది, దానికోసం ఢిల్లీ నలుమూలల నుంచి వస్తారు, రేపు కూడా రా అన్నాడు బాబాయ్ బయటికొస్తూ. రేపు ప్రమాణ స్వీకారం కదా బాబాయ్, ఈ రోడ్లన్నీ ఎలా ఉంటాయో అన్నా. ఆగి ఆలోచించాడు. "అయితే వచ్చే ఆదివారం. అప్పటికి శాఖలు కూడా తేలిపోతాయి."